తోక తెగిన చోటు

తన్మయి దానికి కత్తెర అని పేరు పెట్టింది. పేరు పెట్టేంత గొప్పదేం కాదు, గట్టిగా పది వరుసల స్క్రిప్టు. ఫోన్లో ఎక్కడ లింకు కాపీ చేసినా, దాన్ని ఇంకోచోట అతికించేలోపు, వెనకాల వేలాడుతున్న చెత్తంతా తెంపేసి ఉత్త చిరునామా మిగులుస్తుంది. కంప్యూటర్ చదువులో మొదటి ఏడాది పిల్లలు కూడా రాయగలరు. రాయరు, ఎందుకంటే ఎవరికీ అక్కర్లేదు. చెల్లెలి చెయ్యి విరిగేదాకా తన్మయికీ అక్కర్లేకపోయింది.

ఆ చెత్తనే అందరూ తోక అంటారు. ఒకప్పుడు తోకంటే నాలుగు అక్షరాలు, లింకు ఎటునుంచి వచ్చిందో చెప్పి ఊరుకునేది. ఇప్పుడలా కాదు. లింకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళినప్పుడల్లా తోకకి ఒక ముడి పడుతుంది. పంపిన మనిషి ఎవరు, ఏ ఊళ్ళో ఏ వీధిలో ఉండి పంపారు, అన్నీ ఆ ముడిలో ఉంటాయి. ఇది తెలిశాక జనం మండిపడతారని ఎవరైనా అనుకుంటారు. మండిపడటం మాట దేవుడెరుగు, నెత్తిన పెట్టుకున్నారు! తోక పొడుగైన కొద్దీ పాయింట్లు వస్తాయి, పాయింట్లుంటే బస్సు టికెట్లో తగ్గింపు. తగ్గింపిస్తానంటే మనవాళ్ళు ఇంటి తాళాలు కూడా ఇచ్చేస్తారు.

తన్మయి ఉద్యోగం ఆ తోకల్ని చదివే కంపెనీలోనే. విశాఖపట్నం మధురవాడలో 'దారం' అనే ఆఫీసు. విజయనగరం నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. ముడికీ ముడికీ లెక్క కుదిరిందో లేదో చూసే యంత్రాన్ని రాసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ పని చేస్తున్నన్నాళ్ళూ తప్పు చేస్తున్నానని ఆమెకి ఒక్క రోజూ అనిపించలేదు.

చెల్లెలు ప్రణవి మొగుడి దెబ్బలు పడలేక కాకినాడ పారిపోయి ఓ లేడీస్ హాస్టల్లో చేరింది. అక్కడ కూర్చుని ఒక స్నేహితురాలికి పాట లింకు పంపింది, అంతే. ఆమె ఇంకొకరికి పంపింది, వాళ్ళు ఇంకొకరికి. తిరిగి తిరిగి ఆ పాట ప్రణవి మొగుడు కిరీటి ఫోన్లో పడింది. తోకలో మొదటి ముడి విప్పితే హాస్టలు గుమ్మం కనిపించింది. స్వీట్ల పెట్టెతో వచ్చాడు. గొంతు పెంచడు, పెద్దవాళ్ళు కనబడితే లేచి నిలబడతాడు, కళ్ళనీళ్ళు ఇట్టే పెట్టుకుంటాడు. పోలీసు స్టేషన్లో ఇద్దర్నీ కూర్చోబెట్టి, సంసారమన్నాక సర్దుకుపోవాలని చెప్పి, టీ తాగించి పంపించారు. గాజువాకలో ఇంటికి తీసుకెళ్ళిన నెలలోపే ప్రణవి ఎడమ చెయ్యి విరిచాడు. బాత్రూంలో జారిపడిందన్నాడు.

"కట్టు మీదికి ఎక్కీలాగ ఎడం చెయ్యి వొదులుగా కుట్టమ్మా," అని ప్రణవి కబురు పెడితే, తల్లి నూకరత్నం కిక్కురుమనకుండా అలాంటివి రెండు జాకెట్లు కుట్టి పంపింది. విజయనగరం గంటస్తంభం వెనక సందులో ఆమెది జాకెట్లు కుట్టే షాపు. షాపంటే ఇంటి ముందుగదే. మొగుడు పోయాక ఆ మిషను తొక్కే ఇద్దరాడపిల్లల్నీ చదివించింది. ఆవేళ జాకెట్లు పొట్లం కట్టాక మాత్రం మిషను మీద తలవాల్చి చాలాసేపు ఏడ్చింది.

కట్టు విప్పిన వారంలో తన్మయే చెల్లెల్ని బయటికి తెచ్చింది. ఈసారి సాలూరు. లారీలకి బాడీలు కట్టే ఓ షెడ్డు వెనక గది, పక్క వీధి షాపుకి చీరల మీద మగ్గం పని. షెడ్డు యజమాని భార్య పేరు మీద కొత్త నంబరు. ఏ ఊరో తల్లికి చెప్పలేదు. చెబితే నూకరత్నం ఆగదు, టిఫిను కేరేజీ పట్టుకుని బస్సెక్కేస్తుంది.

"ఫోన్లొద్దు, కబుర్లొద్దు," అంది తన్మయి, చెల్లెలి ఫోన్లో కత్తెర ఎక్కిస్తూ. "నువ్వు బావున్నావని అమ్మకి తెలియాలంటే ఒక జాకెట్టు డిజైను లింకు పంపు. దీంతో తోక తెగిపోద్ది. ఎక్కణ్ణించి వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు."

"నువ్వు కూడానా?" అంది ప్రణవి.

"నేనూ చెప్పలేను."

ప్రణవి అప్పుడు నవ్వింది. ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో తన్మయికి గుర్తులేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు మంచి రోజులే. అబద్ధమెందుకు, చాలా మంచి రోజులు. రెండు మూడు రోజులకోసారి నూకరత్నం ఫోను టింగుమనేది. పఫ్ చేతులు, పడవ మెడ, వీపున తాళ్ళు, తాళ్ళకి కుచ్చులు. మొదట్లో ఒంటి నిండా కప్పే జాకెట్లే పంపేది ప్రణవి. పోనుపోను చేతులు పొట్టివయ్యాయి, వీపు కిందికి దిగింది.

"చూడవే దీని కొవ్వు! వీపంతా కిటికీయే. ఇది తొడుక్కుని ఏ పేరంటానికి ఎల్తాదంట?" అని నూకరత్నం విసుక్కునేది. విసుక్కుంటూనే ప్రణవి ఆది జాకెట్టు తీసి, కొలతలు దింపి, ఏ గుడ్డ మిగిలితే ఆ గుడ్డతో అది కుట్టేసేది. కూతురొచ్చిన రోజున తొడుక్కోవాలి కదా మరి. బీరువాలో ఒక అర నిండిపోయింది. ఆ అర తెరిచి చూసినప్పుడల్లా తన్మయికి తన కత్తెర మీద ఎక్కడలేని గర్వం కలిగేది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు ఆఫీసులో విరించి ఆమెని తన బల్ల దగ్గరికి పిలిచాడు. కొత్తగా చేరాడు, చురుకైనవాడు, పాపం మంచివాడు కూడా. తెర మీద ఉత్తరాంధ్ర పటం పెట్టాడు. ఊరూరా పసుపు చుక్కలు కిటకిటలాడుతున్నాయి.

"ఇవన్నీ తోకలు మేడం. కాపీ నొక్కగానే సైట్లో తోక పుడుతుంది కదా. పుట్టింది ఎక్కడో ఓచోట మళ్ళీ కనబడాలి. అందరూ బతికున్న తోకల వెంటే పడుతున్నారు. నేను చచ్చినవాటిని వెతికా."

"చచ్చినవా?"

"పుట్టిన చోటే మాయమైపోయినవి. అంటే ఎవరో పనిగట్టుకుని కోసేస్తున్నారు. చూడండి."

మీట నొక్కాడు. పసుపంతా ఆరిపోయింది. పటం మీద ఒకే ఒక్క నల్లచుక్క మిగిలింది. సాలూరు. ఇంకాస్త దగ్గరికి లాగాడు. లారీ షెడ్లున్న వీధి.

ఇంతకాలం తను చెల్లెల్ని దాచాననుకుంది తన్మయి. ఊరంతా దీపాలు పెట్టుకున్నప్పుడు ఒక్క ఇల్లు చీకటిగా ఉంటే, అందరూ చూసేది ఆ ఇంటినే కదా! ఈ చిన్న సంగతి తట్టలేదు. ఇన్నేళ్ళ చదువూ, ఇంత ఉద్యోగమూ ఏ గంగలో కలిసినట్టు?

"ఎవరది?" అంది, గొంతు మామూలుగానే ఉండేట్టు చూసుకుంటూ.

"తెలీదు మేడం. దాక్కోవాల్సినవాళ్ళే కోస్తారు, మామూలోళ్ళకేం పని? ఇంటిదీపానికి బాగా పనికొస్తుంది ఇది."

ఇంటిదీపమంటే దారం వాళ్ళు వచ్చే నెలలో తేబోతున్న కొత్త సేవ. తప్పిపోయినవాళ్ళని వెతికి ఇంటికి చేరుస్తారట. పోస్టరు మీద గుమ్మంలో నిలబడ్డ తల్లి బొమ్మ కూడా వేశారు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని తన్మయి అన్ని దారులూ వెతికింది. చెల్లెల్ని లింకులు పంపొద్దంటే? పాత మచ్చ పటం మీద అలాగే ఉంటుంది. ఊరు మారిస్తే? కోస్తే అక్కడా మచ్చే, కోయకపోతే తోకే పట్టిస్తుంది. పోనీ దొంగ తోక అతికిస్తే? ముడికీ ముడికీ లెక్క కుదరకపోతే యంత్రం చిటికెలో పట్టేస్తుంది. ఆ యంత్రం రాసిన ఘనురాలు తనే. బస్సు తగరపువలస దాటుతుండగా ఒక ఆలోచన తోచింది. ఒక్క నల్లచుక్క ఉంది కాబట్టే వేలుపెట్టి చూపించాడు. వందలు, వేలు ఉంటే? అందరి తోకలూ తెగితే? అప్పుడు ఎవరి చీకటి ఎవరిదో ఎవడు చెప్పగలడు? చుక్క ఎవరిదో ఇంకా తెలీదు కదా, ఇంకా టైముంది అనుకుంది. ముందు చెల్లెలి దగ్గరికి పరిగెత్తాల్సింది. పరిగెత్తలేదు. తన తెలివి మీద నమ్మకం ఇంకా చావలేదు మరి.

ఆఫీసులో అడగలేదు, అడిగితే దొరికిపోతుంది. స్నేహితుల్ని అడిగింది. "మనకేం దాపరికాలున్నాయే!" అన్నారు. ఎదురింటివాళ్ళని అడిగింది. "పాయింట్లు పోతాయంటగా?" అన్నారు. వారం తిరిగినా ఒక్కరూ వేయించుకోలేదు. చివరికి తల్లికి చెప్పింది, ఎందుకో మాత్రం సగమే చెప్పింది.

"అమ్మా, నీ దగ్గరికొచ్చే ఆడవాళ్ళ ఫోన్లలో ఈ కత్తెర ఎక్కించాలి. ఎంతమందయితే అంత మంచిది, ప్రణవికి."

నూకరత్నం ఇంకేం అడగలేదు. కూతురి పేరు చెబితే చాలు ఆమెకి. మర్నాడు పొద్దున్న కత్తిరింపు బల్ల ముందు నిలబడి ప్రకటించేసింది. "ఫోన్లో కత్తెర ఏయించుకున్నోలకి చీర ఫాల్ నేనే ఊరికే కుట్టెడతాను!"

అదీ నూకరత్నమంటే. తన్మయి వారం బతిమాలినా కదలని జనం, ఫాల్ ఊరికే అనగానే కదిలారు. పక్కసందు టీచరమ్మ వచ్చింది, పాల డిపో ఆవిడ వచ్చింది, పెళ్ళి బట్టలకొచ్చిన కుటుంబం కుటుంబమంతా వేయించుకుంది.

"పాయింట్లు పోతే పోనీవే, మూడు చీరలకి ఫాల్ ఒచ్చిందా నేదా?" అని ఒకావిడ లెక్క చెప్పింది. నూకరత్నం ఎండలో చెమటలు కక్కుతూ ఫాళ్ళు కుట్టింది. వేళ్ళకి సూదిపోట్లు పడ్డాయి. "ఇంకా ఎంతమంది కావాలే?" అని అడిగేది రోజూ. తల్లీకూతుళ్ళిద్దరికీ ఆ కొన్ని రోజులూ ఒంట్లో కొత్త సత్తువ వచ్చింది. ఏదో చేస్తున్నామన్న ధైర్యం అది.

ఆ తర్వాత ఓ రోజు తన్మయి ఆఫీసులో అడుగుపెట్టేసరికి విరించి ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మేడం, దొరికింది! మీ విజయనగరం పుణ్యమే. వారం నుంచీ అక్కడ నల్లచుక్కలు ఒకటే మొలుస్తున్నాయి. ఊరంతా అయితే ఏం అర్థమయ్యేది కాదు. గంటస్తంభం వెనక ఒక్క సందు చుట్టూనే! మధ్యలో ఏముందా అని చూస్తే ఒక లేడీస్ టైలరు."

తన్మయి అతని తెర మీదికి వంగింది.

"సాలూరు చుక్కా, ఇవీ ఒకటే. తోకని తెంపిన తీరు అచ్చం ఒకేలా ఉంది, ఒకే కత్తెర. ఇంటిదీపానికి ట్రయల్ కోసం కొన్ని కేసులు తీసుకున్నాం కదా, అందులో ఒకాయన భార్య తప్పిపోయింది. ఆవిడ పుట్టిల్లు ఎక్కడో తెలుసా? ఆ టైలరు షాపే! యంత్రం దానంతటదే కలిపేసింది. నిన్న పొద్దున్నే ఆయనకి సాలూరు అడ్రసు ఇచ్చేశాం. ఫోన్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు మేడం. నాక్కూడా కళ్ళనీళ్ళొచ్చాయి."

విరించి కళ్ళు ఆ మాట చెబుతుంటేనే తడిగా ఉన్నాయి. అతణ్ణి తిట్టాలనుకుంది తన్మయి. ఏమని తిట్టాలి? సాలూరు చుక్క ఎవరిదో ఏ యంత్రానికీ తెలియదు, తను వెళ్ళి తల్లి షాపు చుట్టూ చుక్కలు పెట్టేదాకా. చెల్లెలికీ పుట్టింటికీ మధ్య ఒక్క జాడ కూడా ఉండకూడదని కత్తెర రాసింది. అదే కత్తెరతో ఆ జాడ తనే గీసిచ్చింది. ఫాల్ ఊరికే కుట్టించి మరీ.

బ్యాగు బల్ల మీదే వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తింది. దారిలో సాలూరు నంబరుకి ఫోను చేసింది. ఇక దాచేదేముంది? స్విచాఫ్.

సాలూరులో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. షెడ్డులో రేకుల మీద సుత్తులు ఆగకుండా పడుతున్నాయి. యజమాని ఆమెని గుర్తుపట్టి సుత్తులు ఆపించాడు.

"మీ సెల్లి నేదమ్మా. నిన్న సాయంత్రం ఆల ఆయనొచ్చి తీసుకెల్లిపోనాడు."

"వెళ్తానందా? అదే వెళ్తానందా?"

"ఏటీ అన్నేదు." అతను తుండుతో మెడ తుడుచుకున్నాడు. "ఆయన కాల్లమీద పడిపోనాడు, అందరి ముందూను. నాకూ మా ఆడదానికీ కూడా దండం ఎట్టినాడు. స్వీట్లు తెచ్చినాడు. మంచోడే అనిపించింది. నీ సెల్లి మాత్రం గోడకి ఆనుకుని నిలబడిపోయింది. బండెక్కమంటే ఎక్కీసింది. మేం తప్పు సేసినామా అమ్మా?"

"లేదు బాబాయ్," అంది తన్మయి. తప్పు ఎవరిదో ఆమెకి తెలుసు.

గదిలో మగ్గం చట్రానికి ఒక చీర కొంగు బిగించి ఉంది. దాని మీద నెమలి సగమే కుట్టి ఉంది. సూది గుడ్డలోనే గుచ్చి ఉంది. గోడకి మేకుకి ఒక జాకెట్టు వేలాడుతోంది. పొట్టి చేతులు, వీపంతా కిటికీ. తల్లికి పంపిన డిజైనే, ఎవరిచేతో కుట్టించుకుని ఇక్కడ తొడుక్కుని తిరిగిందన్నమాట. తన్మయి దాన్ని మొహానికి అదుముకుని ఏడ్చింది. బయట సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి.

స్టేషనుకి వెళ్ళింది, వెళ్ళకపోవడమెందుకని. భార్య భర్త దగ్గరికి వెళ్తే కేసేంటమ్మా అన్నారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. ఇంటిదీపం కాగితం భర్త చూపించాడనీ, అంతా పద్ధతి ప్రకారమే జరిగిందనీ చెప్పారు. గాజువాకలో తలుపు కొడితే? కాకినాడ తర్వాత కొట్టింది కదా. చెల్లెలు గుమ్మంలో నిలబడి, మొగుడి వైపు చూస్తూ, 'నేను బావున్నానక్కా' అంది కదా. మళ్ళీ అదే అంటుంది. అయినా రేపు వెళ్ళి కొడుతుంది. అంతకంటే చెయ్యగలిగింది ఏదీ ఆమెకి కనబడలేదు.

పొద్దువాలేవేళకి ఇల్లు చేరింది. నూకరత్నం గుమ్మంలోనే ఎదురొచ్చింది, చేతిలో ఫోను.

"వచ్చీసావేటి? చూడు, నీ సెల్లి పంపించింది! ఇన్నాల్లకి రెండు ముక్కలు రాసింది కూడాను. పాత నంబర్నించే పంపింది. అంటే ఇంక బయం నేదన్నమాటేనా?"

తన్మయి ఫోను అందుకుంది. లింకుకి తోక ఉంది. ఇన్ని నెలల్లో చెల్లెలి లింకుకి తోక చూడటం ఇదే మొదలు. కత్తెర లేదు, ఎవరో తీసేశారు. తోకలో ఒకటే ముడి. గాజువాక, ఆ వీధి, ఆ ఇల్లు. కింద తెలుగులో రాసి ఉంది. 'అమ్మా, ఇలాంటివి రెండు కుట్టు. ఒక చెయ్యి వదులుగా.'

తెర మీద మెడ గొంతు దాకా మూసేసిన జాకెట్టు. చేతులు మణికట్టు దాకా.

"ఈ ఎండల్లో ఇంత పొడుగు సేతులేటే..." అంటూ నూకరత్నం అప్పటికే బల్ల దగ్గరికి నడిచింది. ప్రణవి ఆది జాకెట్టు పరిచింది. టేపు తీసింది. సుద్దముక్క తీసింది. గుడ్డ మీద భుజం గీసి, ఆగిపోయింది.

సందులోంచి టీచరమ్మ ఫాల్ కుట్టడం అయిందా అని కేకేసింది. నూకరత్నం తలెత్తి పెద్దకూతురి మొహం చూసింది, సాలూరు దుమ్మూ ఏడ్చిన చారికలూ ఉన్న మొహం. అంతా అందులోనే చదువుకుంది. సుద్దముక్క మళ్ళీ గుడ్డ మీద ఆనించింది.

"ఏ సెయ్యో రాయలేదే," అంది. "ఎడమదా? కుడిదా?"